తుంగభద్ర నీళ్లలో ఔట్‌బోర్డు మోటారు: పాత ఇంజిను పరీక్ష, మరమ్మతు

పడవ వెనుక చెక్కకు బయటివైపు బిగించి, పని అయ్యాక విప్పి ఒడ్డుకు తెచ్చుకోగలిగిన ఇంజినును ఔట్‌బోర్డు మోటారు అంటారు. ఇంజిను, గేర్లు, ప్రొపెల్లరు అన్నీ ఒకే యూనిట్‌గా ఉంటాయి. మోటారును అటూ ఇటూ తిప్పితే పడవ మలుపు తిరుగుతుంది కాబట్టి వేరే చుక్కాని అక్కర్లేదు. వరద సహాయ దళాల్లో దీన్ని పొడి అక్షరాలతో ఓబీఎం అంటారు. బళ్ళారి సరిహద్దు సీమలో ఇలాంటి మోటారుకు పని పడేది ప్రధానంగా రెండు చోట్ల: తుంగభద్ర జలాశయంలో, వరద వచ్చినప్పుడు నదీతీర గ్రామాల్లో.

సముద్రతీరంలో మోటారును ఉప్పు తినేస్తుంది. తుంగభద్ర మీద ఉప్పు బాధ లేదు. ఇక్కడ ఇంజిను నడిచి అరిగేది తక్కువ, నెలల తరబడి మూలన పడి ఉండి పాడయ్యేది ఎక్కువ. వానాకాలంలో నది నిండుతుంది, వేసవికి జలాశయం అడుగంటుతుంది, మోటారు షెడ్డుకు చేరుతుంది. మళ్లీ వరద వచ్చిన రోజు తాడు లాగితే ఉలుకూ పలుకూ ఉండదు. పాత మోటారు మరమ్మతు గురించి ఈ ప్రాంతంలో ఏం చెప్పుకోవాలన్నా ఈ సంగతితోనే మొదలుపెట్టాలి.

నది, జలాశయం, పడవలు

1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పయస్, ఇక్కడ జనం బెత్తంతో అల్లి తోలు కప్పిన గుండ్రటి బుట్ట పడవల్లో నది దాటడం చూసి రాశాడు. తెలుగువారు పుట్టి అనీ, కన్నడిగులు హరిగోలు అనీ పిలిచే ఆ పడవ నేటికీ హంపి, ఆనెగొంది ప్రాంతంలో కనిపిస్తుంది. తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయంతే. పుట్టికి ఔట్‌బోర్డు పనికిరాదు. మోటారు బిగించాలంటే పడవకు నిలువుగా, గట్టిగా ఒక వెనుక చెక్క ఉండాలి. గుండ్రటి పుట్టికి ముందూ వెనుకా అన్నవే లేవు. హంపి నుంచి విరుపాపుర గడ్డెకు జనాన్ని దాటించే మోటారు పడవల ఆకారం వేరు.

తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది, 1953లో జలాశయం సిద్ధమైంది. అదే ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. నీటి పంపకం చూడడానికి తుంగభద్ర బోర్డు ఏర్పడింది. కాలువల కింద భూములు కొనుక్కొని కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతుల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. 2021లో విజయనగర జిల్లా విడిపోయాక హోసపేట, హంపి, ఆనకట్ట అటు వెళ్లాయి. బళ్ళారి జిల్లాకు కంప్లి, సిరుగుప్ప తాలూకాల నదీతీరం మిగిలింది.

మోటారు వైపు నుంచి చూస్తే ఈ నీటికి మూడు గుణాలు. జలాశయం నిండితే నీరు దాదాపు 378 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. అంత వెడల్పులో గాలి లేస్తే అలలు గట్టిగానే ఉంటాయి, నడిమధ్యలో ఇంజిను ఆగడం ప్రాణాపాయం. రెండోది పూడిక. మొదట్లో సుమారు 133 టీఎంసీలు పట్టే జలాశయం ఇప్పుడు 105 టీఎంసీల చిల్లరే పడుతోంది. ఆ ఒండ్రు ఇసుకే మోటారు నీటి పంపులోకి దూరి రబ్బరును కోస్తుంది. మూడోది రాయి. ఆనకట్ట దిగువన, ముఖ్యంగా హంపి దగ్గర, నీళ్ల కింద దాగిన నల్లరాతి గుండ్లు ప్రొపెల్లరు రెక్కలకు యమగండం.

మోటారు పుట్టుక, నిర్మాణం

అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ 1900ల మొదటి దశకంలోనే ఇలాంటి మోటారు అమ్మినా, దాన్ని జనంలోకి తెచ్చింది 1909లో వ్యాపారం మొదలుపెట్టిన ఓలే ఎవిన్‌రూడ్. ఆయన మొదటి మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్. 1950, 60 దశకాల్లో జపాను కంపెనీలు తొహాట్సు, యమహా, సుజుకి, హోండా రంగంలోకి దిగాయి. యమహా తొలి ఔట్‌బోర్డు 1960లో వచ్చింది. మన దేశంలో కేరళ మత్స్యకారులు కిరోసిన్‌తో నడిచే ఔట్‌బోర్డులను విస్తృతంగా వాడారు. ఆంధ్ర తీరంలోని ఫైబరు తెప్పల్లో మాత్రం పొడుగు కడ్డీ చివర ప్రొపెల్లరు ఉండే చిన్న డీజిల్ ఇంజిన్లే ఎక్కువ.

మోటారులో మూడు అంతస్తులు ఉంటాయి. పైన మూత కింద ఇంజిను: ఫ్లైవీలు, ప్లగ్గులు, కాయిళ్లు, కార్బురేటరు. నడుమ పొడుగాటి కాలు: అందులో నిలువు షాఫ్టు, పైకి నీళ్లెక్కే గొట్టం, పొగ కిందికి దిగే దారి. అడుగున గేరుపెట్టె, ప్రొపెల్లరు, నీటి పంపు. ఇంజిను నిలబడి తిరుగుతుంది, ప్రొపెల్లరు అడ్డంగా తిరుగుతుంది. ఆ మలుపు గేరుపెట్టెలో జరుగుతుంది. కాలు పొడుగు పడవను బట్టి ఉండాలి. పొట్టి కాలుకు 15 అంగుళాల వెనుక చెక్క, పొడుగు కాలుకు 20 అంగుళాలది సరిపోతాయి. ప్రొపెల్లరు పైనుండే అడ్డపలక పడవ అడుగుతో దాదాపు సమంగా నిలవాలి. పలక పైకి లేస్తే ప్రొపెల్లరు గాలి పీల్చి వట్టిగా తిరుగుతుంది, ఇంజిను అరుస్తుంది, పడవ కదలదు. ఇంజిను చెడిపోయిందని తెచ్చిన మోటార్లలో కొన్నిటికి ఉన్న రోగం ఇదే; రెంచీ కూడా అక్కర్లేకుండా, చెక్క ఎత్తు సరిచేస్తే పోతుంది.

పాత మోటార్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోకు రకం. యమహా ఆర్‌ఎక్స్100 బండి మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. దాన్ని విప్పి బిగించిన తరం మెకానిక్కులు బళ్ళారిలోనూ, రాయలసీమ పట్టణాల్లోనూ ఇంకా ఉన్నారు. ఔట్‌బోర్డు పై అంతస్తు వాళ్లకు కొత్తేమీ కాదు. పిస్టన్, రింగులు, రీడ్ వాల్వు, కార్బురేటరు అవే. వాళ్లు కొత్తగా నేర్చుకోవలసినవి రెండే: నీటితో చల్లబడే పద్ధతి, నీళ్లలో మునిగి పనిచేసే గేరుపెట్టె. బండి మెకానిక్కు చేతిలో ఔట్‌బోర్డు పాడయ్యే సందర్భాల్లో తప్పు సాధారణంగా ఈ రెండు చోట్లే జరుగుతుంది.

ముసలితనం ఎక్కడ మొదలవుతుంది

పెట్రోలులోనే మొదలవుతుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలును మన దేశంలో 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతా దాదాపు అదే దొరుకుతోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. రోజూ తిరిగే బండిలో ట్యాంకు ఖాళీ అవుతూ నిండుతూ ఉంటుంది గనుక పెద్ద ఇబ్బంది కనబడదు. నవంబరులో నింపి జూన్‌లో తీసే పడవ ట్యాంకు కథ వేరు. తేమ ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంధన గొట్టం పీల్చేది ఆ అడుగు నుంచే. టూ స్ట్రోకు ఇంజినుకు ఇందులో ఇంకో గండం కూడా ఉంది: పెట్రోలులో కలిపిన ఆయిలు పై పొరలోనే మిగిలిపోతుంది. ఆయిలు లేని నీళ్ల ఇథనాల్‌ను తాగిన ఇంజిను ఎలాగో స్టార్టయినా, పిస్టన్ పట్టేస్తుంది.

ఇథనాల్ పాత రబ్బరును కూడా మెత్తబరుస్తుంది, లేదా ఉబ్బిస్తుంది. 1980, 90ల్లో తయారైన మోటార్ల గొట్టాలు, పంపు డయాఫ్రం, ఫ్లోట్ నీడిల్ చివరి రబ్బరు ఈ పెట్రోలును దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. పాత మోటారు కొన్నవారు ముందుగా చేయాల్సింది ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా రబ్బరంతా ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చడం. ఖర్చు తక్కువ, తలనొప్పి సగం తగ్గుతుంది.

కదలకుండా ఉండడం వల్ల వచ్చే మిగతా జబ్బులు: నీటి పంపు రబ్బరు రెక్కలు ఒకే వైపు వంగి అలాగే బిగుసుకుపోతాయి; సిలిండరు గోడకు తుప్పు పట్టి రింగులు అతుక్కుంటాయి; కాంటాక్టు పాయింట్ల మీద మసక పొర పడుతుంది; ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

పరీక్ష క్రమం

చేయి తిరిగిన మెకానిక్కు స్పానరు పట్టుకునే ముందు మాట పట్టుకుంటాడు. ఎప్పుడు నడిచింది, ఎలా ఆగింది, ఒక్కసారిగా ఆగిందా, దగ్గుతూ ఆగిందా, ట్యాంకులో ఉన్నది ఎప్పటి పెట్రోలు. ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు, మిస్సింగ్ కొట్టి ఊగిసలాడి ఆగితే పెట్రోలు వైపు, వేడెక్కి వేగం తగ్గి ఆగితే నీళ్ల వైపు చూడాలి. ఈ లెక్క ప్రతిసారీ నిజం కాకపోయినా, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

తర్వాత చూడాల్సింది ఎర్ర తాడు. పడవ నడిపేవాడు నీళ్లలో పడితే ఇంజిను ఆగిపోవడానికి మణికట్టుకు కట్టుకునే తాడు క్లిప్పు స్విచ్చులో లేకపోతే చాలా మోటార్లు స్పార్కు ఇవ్వవు. మోటారంతా విప్పాక ఈ క్లిప్పు గుర్తొచ్చిన సందర్భాలు తక్కువేమీ కావు. గేరు న్యూట్రల్‌లో ఉందా, ట్యాంకు మూత మీది గాలి మర తెరిచి ఉందా అన్నవీ అప్పుడే చూసుకోవాలి. గాలి మర మూసి ఉంటే ఇంజిను ఐదు, పది నిమిషాలు చక్కగా నడిచి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంది. జనం దీన్ని కాయిలు వేడెక్కి పోతోందనుకొని కాయిలు కొంటారు.

ఏళ్లుగా పడి ఉన్న మోటారు తాడును ఒకేసారి గట్టిగా గుంజకూడదు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి, ఒక రాత్రి వదిలి, మరునాడు ఫ్లైవీలును చేత్తో మెల్లగా, దాని సహజ దిశలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే నీటి పంపు రెక్కలు విరగవచ్చు. కదలకపోతే బలవంతం చేయకుండా మళ్లీ ఆయిలు పోసి ఆగాలి. తుప్పుతో అతుక్కున్న రింగులు రెండు మూడు రోజుల నానుడుకు వదలడం మామూలే.

ఫ్లైవీలు తిరిగిందంటే కంప్రెషన్ చూడాలి. ప్లగ్గులన్నీ తీసి, వాటి వైర్లను ఇంజిను బాడీకి ఎర్తు చేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజీ పెట్టి, సూది ఆగేదాకా తాడు లాగాలి. వైర్లు ఎర్తు చేయకపోతే, స్పార్కును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె అయిన సీడీఐ యూనిట్ కాలిపోయే ప్రమాదం ఉంది. చిన్న టూ స్ట్రోకు ఇంజిన్లలో 90 నుంచి 130 పీఎస్‌ఐ మధ్య అంకె సాధారణం, కానీ అంకె కంటే ముఖ్యం సిలిండర్ల మధ్య తేడా. ఒకటి 115, ఇంకొకటి 110 చూపిస్తే దిగులు లేదు. ఒకటి 115, ఇంకొకటి 70 అయితే కార్బురేటరు ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. రింగులో, హెడ్ గాస్కెటో, గీతలు పడ్డ బోరో తేల్చుకోవాలి. పాత మోటారు మీద డబ్బు పెట్టాలా వద్దా అన్నది ముందుగా ఈ పరీక్షే చెబుతుంది. దీన్ని దాటేసి విడిభాగాలు కొనడం డబ్బు నీళ్లలో పోయడమే.

స్పార్కు చూడడానికి ప్లగ్గును బాడీకి తాకించి తాడు లాగితే చాలదు. గాలిలో కనబడిన నిప్పురవ్వ సిలిండరు లోపలి ఒత్తిడిలో ఆరిపోవచ్చు. ఖాళీ దూరం మార్చుకోగలిగే స్పార్కు టెస్టరు చవకైన పరికరమే; నీలి రంగు రవ్వ టక్కుమని దూకాలి. పాత మోటార్లలో ఫ్లైవీలు కింద కాంటాక్టు పాయింట్లు, కండెన్సరు ఉంటాయి, తర్వాతి వాటిలో సీడీఐ వచ్చింది. పాయింట్లున్న మోటారుకు స్పార్కు లేకపోతే, చాలాసార్లు శుభ్రమైన గుడ్డముక్క పాయింట్ల మధ్య లాగితేనే ప్రాణం లేస్తుంది. సీడీఐ మోటారులో యూనిట్ ఖరీదైంది కాబట్టి దాన్ని చివరకు అనుమానించాలి. ముందు ఆపే స్విచ్చు వైరు ఊడదీసి చూడాలి. అది తీయగానే స్పార్కు వస్తే స్విచ్చుదే తప్పు. తర్వాత ఎర్తు కనెక్షన్లు, వైర్ల మీది పచ్చటి చిలుం, ప్లగ్గు క్యాపులు, కాయిళ్ల రెసిస్టెన్సు.

కంప్రెషన్ ఉంది, స్పార్కు ఉంది, కార్బురేటరు శుభ్రం, అయినా వేగం తగ్గిస్తే ఆగిపోతోంది. ఇలాంటి మోటారు చాలామందిని ఏడిపిస్తుంది. టూ స్ట్రోకు ఇంజినులో పెట్రోలు ముందుగా క్రాంకు పెట్టెలోకి వచ్చి అక్కడి నుంచి సిలిండరుకు పోతుంది. క్రాంకు ఆయిల్ సీలు ఎండి పగిలినా, రీడ్ వాల్వు ఆకు చిట్లినా ఆ పెట్టె గాలి పట్టదు. అధిక వేగంలో ఈ లోపం కనబడదు, ఐడిలింగులో బయటపడుతుంది.

కార్బురేటరు

నిలవ పెట్రోలు ఎండితే గోధుమరంగు జిగురు మిగులుతుంది. అది మొట్టమొదట మూసేది ఐడిలింగు జెట్టును, ఎందుకంటే కార్బురేటరులో అన్నిటికంటే సన్నటి రంధ్రం దానిదే. అందుకే చోక్ వేస్తే నడిచి, చోక్ తీస్తే ఆగే మోటారును చూడగానే కార్బురేటరు విప్పవచ్చు.

విప్పే ముందు ఫోటోలు తీసుకోవడం, ఐడిలింగు స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉందో మెల్లగా లోపలికి బిగించి లెక్కపెట్టి రాసుకోవడం మరవకూడదు. బౌల్ విప్పాక అడుగున ఏముందో చూడాలి: నీటి బొట్లా, తుప్పు పొడా, తెల్లటి అల్యూమినియం పిండా, రబ్బరు నలుసులా. నీటి బొట్లుంటే ట్యాంకు కడగాలి. రబ్బరు నలుసులుంటే గొట్టం లోపల నుంచి విచ్చుకుంటోంది, కార్బురేటరు ఒక్కటే కడిగితే పది రోజుల్లో మళ్లీ ఇదే పని. జెట్టు రంధ్రాన్ని ఇనుప తీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. కార్బురేటరు క్లీనరులో నానబెట్టి, గాలితో ఊది, వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, అంచు పదునుగా కనబడాలి. నీడిల్ చివర గాడి పడితే మార్చాలి. అది మూసుకోకపోతే పెట్రోలు పొంగి ప్లగ్గులు తడుస్తాయి. ఫ్లోట్ ఎత్తు కంపెనీ చెప్పిన కొలతకు ఉండాలి.

కార్బురేటరు బాగుండీ పెట్రోలు అందకపోతే ఇంధన గొట్టం మీది చేతిపంపు బల్బు అసలు సంగతి చెబుతుంది. నడుస్తున్న ఇంజిను నీరసిస్తుంటే బల్బు నొక్కి చూడాలి. నొక్కగానే తేరుకుంటే ఇంజిను మీది పంపు డయాఫ్రమో, దారిలో గాలి పీల్చే కీలో కారణం. బల్బు చప్పిడిగా అతుక్కుపోతే ట్యాంకు వైపు దారి మూసుకుంది.

పెట్రోలులో ఆయిలు పాళ్ల సంగతి మోటారు మీదో పుస్తకంలోనో రాసి ఉంటుంది. చాలా మోటార్లకు 50 పాళ్లకు ఒకటి, మరీ పాతవాటికి 25 పాళ్లకు ఒకటి. ఆయిలు మీద టీసీ-డబ్ల్యూ3 అన్న గుర్తు ఉండాలి. బండ్లకు వాడే 2టీ ఆయిలు గాలితో చల్లబడే వేడి ఇంజిన్లకు తయారైంది. నీటితో చల్లబడే ఔట్‌బోర్డులో అది మసి, బూడిద ఎక్కువ మిగిల్చి రింగులను బిగిస్తుంది. అత్యవసరంలో ఒక ట్యాంకుకు వాడితే కొంప మునగదు, అలవాటు చేసుకోకూడదు.

చల్లదనం

నడుస్తున్న ఔట్‌బోర్డు వెనుక నుంచి సన్నటి నీటిధార ఒకటి చిమ్ముతూ ఉంటుంది. స్టార్టు చేసిన అర నిమిషంలో అది కనబడకపోతే ఇంజిను ఆపాలి, ఇందులో రెండో మాట లేదు. నీళ్లు లేకుండా ఒడ్డున ఇంజిను రేజ్ చేసి చూపించడం అమ్మేవాళ్లకు అలవాటు. కొద్ది క్షణాల్లోనే పంపు రబ్బరు రాసుకొని కాలిపోతుంది. పరీక్షించాలంటే పంపు మునిగేలా నీళ్లు నింపిన డ్రమ్ములో పెట్టి నడపాలి.

ధార రాకపోతే ముందు ఆ చిన్న రంధ్రంలో మెత్తటి తీగ పెట్టి చూడాలి, మట్టిపురుగు గూడు కట్టి ఉండవచ్చు. తర్వాత కింది యూనిట్ దించాలి. బోల్టులు విప్పి, గేరు కడ్డీ కీలు ఊడదీశాక గేరుపెట్టె నిలువు షాఫ్టుతో సహా కిందికి జారుతుంది. పంపు గిన్నెలో ఇంపెల్లరు అనే రబ్బరు చక్రం కనబడుతుంది. రెక్కలు వంగి అలాగే ఉన్నా, అంచులు నున్నబడినా మార్చేయాలి. ఒకటో రెండో రెక్కలు లేకపోతే కొత్తది వేసి చేతులు దులుపుకోకూడదు. ఆ ముక్కలు పైకి వెళ్లి ఇంజిను నీటి దారిలో ఎక్కడో ఇరుక్కొని ఉంటాయి. అవి దొరికేదాకా వెతకాలి. ఒండ్రు నీళ్లలో తిరిగిన మోటారులో గిన్నె అడుగు పలక మీద గుండ్రటి గీతలు పడతాయి. గోరు తగిలేంత లోతు గీతలుంటే పలక కూడా మార్చాలి. కొత్త చక్రానికి సబ్బునీళ్లో గ్లిజరినో రాసి, షాఫ్టును తిరిగే దిశలో తిప్పుతూ గిన్నె కిందికి నొక్కాలి. చక్రాన్ని పట్టి ఉంచే చిన్న కీ జారిపోయిందేమో చూసుకోకుండా మూస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

తుంగభద్రలో నడిచే మోటారుకు ఏడాదికొక ఇంపెల్లరు వేయడం మేలు. శుభ్రమైన నీళ్లలో రెండు మూడేళ్లు వచ్చే వస్తువు ఇక్కడ అంతకాలం రాదు.

ఇంజిను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటును తీసి పారేయడం మన దగ్గర అలవాటైంది. ఇంజిను వేడెక్కుతోందని తీసేస్తారు. అప్పటి నుంచి ఇంజిను చల్లగానే నడుస్తుంది, ప్లగ్గులు మసి పడతాయి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. గిన్నెడు నీళ్లలో వేసి కాస్తే దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకుంటోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

గేరుపెట్టె, ప్రొపెల్లరు

గేరు ఆయిలు చూడడం పది నిమిషాల పని, చెప్పేది మాత్రం చాలా. రాత్రంతా మోటారును నిలువుగా ఉంచి పొద్దున అడుగు స్క్రూ వదులు చేస్తే, లోపల నీరుంటే ముందు అదే వస్తుంది. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే సీలు పోయినట్టే. అయస్కాంతానికి సన్నటి ఇనుప పొడి అంటుకోవడం సహజం, చేతికి తగిలే ముక్కలుంటే గేరు పళ్లు విరిగాయి. నింపేటప్పుడు అడుగు రంధ్రం నుంచే నింపాలి, పై రంధ్రంలో ఆయిలు పొంగేదాకా. పైనుంచి పోస్తే లోపల గాలి నిలిచి సగమే నిండుతుంది. రెండు స్క్రూల కింద కొత్త వాషర్లు వేయాలి.

తుంగభద్ర జలాశయంలో వలలు ఎక్కువ. తెగిపోయిన నైలాను దారం ప్రొపెల్లరు వెనుక షాఫ్టుకు చుట్టుకొని, వేడికి కరిగి, సీలును కోస్తుంది. బయట నుంచి ఏమీ కనబడదు. ప్రొపెల్లరు తీసి చూడడం నెలకొకసారైనా జరగాలి.

చిన్న మోటార్లలో ప్రొపెల్లరును షాఫ్టుకు పట్టి ఉంచేది ఒక మెత్తటి పిన్ను. రెక్క రాయికి తగిలితే ఆ పిన్ను తెగి గేర్లను కాపాడుతుంది. పిన్ను లేదని మేకు ముక్క దూర్చడం చూస్తుంటాం. గట్టి మేకు తెగదు, మరుసటి రాయికి గేరు పళ్లే పోతాయి. మూత లోపల రెండు పిన్నులు టేపుతో అంటించి ఉంచుకుంటే సరి. పెద్ద మోటార్లలో పిన్నుకు బదులు ప్రొపెల్లరు నడుమ రబ్బరు బుష్షు ఉంటుంది. అది జారితే ఇంజిను వేగం పెరుగుతుంది, పడవ వేగం పెరగదు. బొడ్డు మీద, లోపలి గొట్టం మీద ఒకే వరసలో పెయింటు గీత పెట్టి, తిరిగి వచ్చాక గీతలు తప్పాయేమో చూస్తే సంగతి తేలిపోతుంది.

మోటారుకు బదులు తానే తుప్పు పట్టేలా కాలికి బిగించే బలి లోహం దిమ్మె కూడా నీటిని బట్టి ఉండాలి. సముద్రానికి జింకు, మంచినీళ్లకు మెగ్నీషియం. కోస్తా నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండు మోటారుకు జింకు దిమ్మె ఉంటుంది. మంచినీళ్లలో అది పొర కట్టి పని మానేస్తుంది. అలాంటి మోటారులో ఉప్పుతో అతుక్కున్న బోల్టులను పొడుగు స్పానరుతో గుంజితే తలలు తెగుతాయి. వేడి చేసి, చల్లార్చి, ఆయిలు పట్టించి, కొద్దిగా బిగించి కొద్దిగా వదులు చేస్తూ రావాలి. బిగించేటప్పుడు మరల మీద మెరైన్ గ్రీజు రాస్తే తర్వాతి మెకానిక్కు దీవిస్తాడు.

మునిగిన మోటారు

2009 అక్టోబరు వరదల్లో తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం, కర్నూలు మునిగాయి, పడవలే దిక్కయ్యాయి. 2006లో ఏర్పడిన జాతీయ విపత్తు దళం ఎన్‌డీఆర్‌ఎఫ్ గాలి నింపే పడవలకు ఔట్‌బోర్డులు బిగించి వాడుతుంది. వరద నీటిలో పడవ తిరగబడితే మోటారు మునుగుతుంది.

మునిగిన మోటారును తీసిన గంట నుంచే లెక్క. నీళ్లలో ఉన్నంతసేపు జరిగే నష్టం తక్కువ, గాలి తగిలాక బేరింగులకు తుప్పు వేగంగా పడుతుంది. ఆ రోజు మరమ్మతు కుదరకపోతే శుభ్రమైన నీళ్లలో మళ్లీ ముంచి ఉంచడమే నయం. కుదిరితే మూత తీసి బురద కడిగి, ప్లగ్గులు విప్పి, రంధ్రాలు కిందికి ఉండేలా పడుకోబెట్టి, ఫ్లైవీలును చేత్తో మెల్లగా తిప్పి నీళ్లు దింపాలి. నడుస్తూ మునిగిన ఇంజిను అయితే తిప్పేటప్పుడు ఎక్కడైనా బిగుతుగా తగులుతోందేమో గమనించాలి. నీరు నొక్కుడుపడదు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండవచ్చు. అలాంటిదాన్ని స్టార్టు చేయకూడదు. తేలిగ్గా తిరిగితే కార్బురేటరు ఖాళీ చేసి, సిలిండర్లలో ఆయిలు పోసి, కొత్త పెట్రోలుతో స్టార్టు చేసి, డ్రమ్ములో అరగంటైనా నడపాలి. లోపల ఇసుక చేరిన మోటారును మాత్రం విప్పి కడగకుండా నడపకూడదు.

కొనాలా, బాగుచేయాలా

అమెరికాలో 1990ల చివర వచ్చిన కాలుష్య నియమాలు పాత టూ స్ట్రోకు మోటార్ల శకాన్ని ముగించాయి. ఎవిన్‌రూడ్, జాన్సన్ పేర్లతో మోటార్లు చేసిన ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 2000 డిసెంబరులో దివాలా తీసింది. ఆ తర్వాత ఎవిన్‌రూడ్ పేరును నడిపిన సంస్థ 2020లో తయారీ ఆపేసింది. కాబట్టి ఆ పేర్ల పాత మోటారు చవకగా వచ్చినా, పంపు కిట్టు, కార్బురేటరు కిట్టు ఎక్కడ దొరుకుతాయో తేల్చుకున్నాకే కొనాలి. యమహా ఎండ్యూరో వంటి సాదా టూ స్ట్రోకు మోటార్ల సామాను దొరకడం తేలిక. విడిభాగం అడిగేటప్పుడు హార్స్‌పవర్ చెబితే చాలదు, బిగింపు పట్టీ మీద ఉండే మోడలు, సీరియలు నంబర్లు చెప్పాలి. ఒకే శక్తి మోటారుకు ఏడాదికొక రకం గాస్కెట్ ఉండవచ్చు.

తీర్పు ఇదీ: కంప్రెషన్ సమంగా ఉండి, గేరు ఆయిలు శుభ్రంగా ఉన్న మోటారు ముప్పై ఏళ్లదైనా బాగుచేసుకోవచ్చు, అందులో చెడిపోయేవన్నీ రబ్బరు, గాస్కెట్లు, వైర్లే. సిలిండరు బోరూ గేర్లూ రెండూ పోయినదాన్ని విడిభాగాల కోసం తప్ప కొనవద్దు.

బాగుచేయడం వల్ల నదికి కూడా ప్రయోజనం ఉంది. పాత టూ స్ట్రోకు ఇంజిను ఇంధనంలో పావు వంతు దాకా కాలకుండానే పొగతో నీళ్లలోకి వదిలేస్తుంది. ఆనకట్ట దిగువన ముద్లాపుర నుంచి కంప్లి దాకా సుమారు 34 కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల సంరక్షణ క్షేత్రంగా ప్రకటించారు. అక్కడ నీటి మీద రంగుల పొర వదిలే మోటారును నడపడం తప్పు. కార్బురేటరు, ఆయిలు పాళ్లు సరిచేస్తే ఆ పొర తగ్గుతుంది. పూర్తిగా పోవాలంటే ఫోర్ స్ట్రోకు మోటారే మార్గం. జనాన్ని రోజూ దాటించే పడవలకు ప్రభుత్వాలే ఆ మార్పుకు సాయం చేయాలి.

వానలకు ముందు

సీజను ముగిసిన రోజు ట్యాంకు గొట్టం పీకి, ఇంజిను డ్రమ్ములో నడుస్తుండగానే కార్బురేటరు ఖాళీ అయ్యేదాకా ఉంచి, బౌల్‌లో మిగిలింది కూడా దించేయాలి. సిలిండర్లలో ఆయిలు చిమ్మి, గేరు ఆయిలు మార్చి, మోటారును నిలువుగానే భద్రపరచాలి. నెలకొకసారి ఫ్లైవీలును చేత్తో రెండు చుట్లు తిప్పితే పంపు రబ్బరు ఒకే వైపు బిగుసుకోదు. ఈ పనులకు అయ్యే ఖర్చు ఒక కార్బురేటరు కిట్టు ధర కూడా కాదు.

నదీతీర గ్రామాల్లో, తాలూకా కార్యాలయాల్లో, అగ్నిమాపక కేంద్రాల్లో వరద పడవల మోటార్లు ఎవరి చేతిలో ఉన్నాయో వారికి ఒక్క విన్నపం. మే నెలలోనే ప్రతి మోటారునూ కొత్త పెట్రోలుతో డ్రమ్ములో పావుగంట నడిపి, నీటిధార చూసి, తేదీ రాసిన చీటీ మూతకు అంటించండి. నడవని మోటారుకు కావలసిన సామాను తెప్పించుకోవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది.